బ్రాయిలర్ పేగులో వాము నూనె: ఒక నెక్రోటిక్ ఎంటరైటిస్ కేసు

యాంటీబయాటిక్ మానేసి మొక్కల మందులకి మారదామనుకునే కోళ్ల రైతులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. వాము, దాల్చినచెక్క, వెల్లుల్లి పేగులోని చెడ్డ బ్యాక్టీరియాని చంపేట్టయితే, మంచి బ్యాక్టీరియాని మాత్రం వదిలేస్తాయా? ఈ ప్రశ్నకి ఒకే ఫారంలో, వరసగా వచ్చిన బ్యాచ్‌ల మీద జవాబు వెతికే అవకాశం నాకు దొరికింది. రైతు అనుమతి తీసుకునే రాస్తున్నాను. ఊరు, పేరు, కొనుగోలుదారు వివరాలు తీసేశాను.

నేపథ్యం

దక్షిణ తెలంగాణలో రెండు షెడ్ల ఫారం. షెడ్డుకి ఐదు వేల చొప్పున బ్రాయిలర్లు. రైతు ఏ కంపెనీ ఇంటిగ్రేషన్‌లోనూ లేడు. పిల్లల్ని కొనుక్కుని, మొక్కజొన్న, సోయా చెక్క తెచ్చి, సొంత మిక్సర్లో మెష్ దాణా, అంటే గుళికలు కట్టని పొడి దాణా, కలుపుకుంటాడు. ఏళ్ల తరబడి ఆ దాణాలో మూడు మందులు పడేవి: కొలిస్టిన్, బి.ఎం.డి. అని పిలిచే బాసిట్రాసిన్, కాక్సిడియోసిస్ (కాక్సిడియా అనే పరాన్నజీవులు పేగు గోడని చీల్చే జబ్బు) రాకుండా సాలినోమైసిన్.

2019 జూలైలో కేంద్ర ఆరోగ్య శాఖ ఆహార జంతువుల్లో కొలిస్టిన్ వాడకుండా దాని తయారీని, అమ్మకాన్ని నిషేధించింది. మనుషులకి ఇంకే మందూ పట్టని ఇన్‌ఫెక్షన్లలో చివరిగా ఆశ్రయించే మందుల్లో అదొకటి. దాన్ని తట్టుకునే శక్తినిచ్చే ఎం.సి.ఆర్-1 జన్యువు ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి పాకుతోందని 2015లో చైనా పందుల్లో బయటపడ్డాక ప్రపంచమంతా జాగ్రత్తపడింది. మన రైతు కూడా కొలిస్టిన్ ఆపేశాడు. ఆ తర్వాత కొంతకాలం ఇబ్బందేమీ రాలేదు. ఈ సంగతి ముందు ముందు పనికొస్తుంది.

2021లో సోయా ధర విపరీతంగా పెరిగింది. జన్యుమార్పిడి సోయా పిండి 12 లక్షల టన్నుల దిగుమతికి కేంద్రం అనుమతి ఇవ్వాల్సి వచ్చిన ఏడాది అది. రైతు సోయాలో కొంత తగ్గించి, చౌకగా దొరికిన ఎండు చేపల పొడి కలిపాడు. సుమారు అప్పుడే హైదరాబాద్‌లో ఒక కొనుగోలుదారు 'యాంటీబయాటిక్ లేని చికెన్' అయితే కిలోకి కొంత ఎక్కువిస్తానన్నాడు. దాంతో బి.ఎం.డి. మానేశాడు. సాలినోమైసిన్ కూడా యాంటీబయాటిక్ జాతిదేనని ఎవరో చెబితే దాని బదులు డైక్లాజురిల్‌కి మారి, బ్యాచ్ తర్వాత బ్యాచ్ అదే వాడుతూ వచ్చాడు.

సమస్య

వానాకాలంలో ఫోను వచ్చింది. కోళ్లకి మూడు వారాలు దాటాయి. రోజుకి ఐదారు చనిపోయే షెడ్డులో ముప్పై దాకా పోతున్నాయి. మిగతావి ఈకలు రేగి ముడుచుకుని కూర్చున్నాయి. మేత తగ్గింది. రెట్టలు పల్చగా, ముదురు గోధుమ రంగులో ఉన్నాయి, కొన్నింటిలో నురగ ఉంది. నీటి గొట్టాల కింద ఊక ముద్దకట్టింది.

"కొలిస్టిన్ బంద్ చేసినప్పటిసంది గిట్లనే అయితున్నది సార్" అన్నాడు రైతు. అప్పటికే ఇంట్లో వాము, వెల్లుల్లి బాగా మరగబెట్టి, ఆ కషాయం నీళ్ల ట్యాంకులో పోస్తున్నాడు. తగ్గలేదు.

అప్పుడే చనిపోయిన కోళ్లని కోసి చూశాను. చిన్నపేగు మధ్యభాగం గాలితో ఉబ్బి, గోడ పల్చబడి, బయట్నుంచే లోపలి ముదురు రంగు కనిపిస్తోంది. కత్తెరతో నిలువునా చీల్చగానే గాలి పోయి, కుళ్లు వాసన కొట్టింది. లోపలి పొర మీద పసుపు, గోధుమ కలిసిన రంగులో గరుకైన పొర పేరుకుని ఉంది. కొత్త టర్కీ తువ్వాలు ఉపరితలంలా ఉంటుందని మా పాఠాల్లో చెప్పే లక్షణం అదే. ఆ పొరని గాజు పలక మీద గీకి గ్రామ్ రంగులు (బ్యాక్టీరియాని ఊదాగా కనిపించే గ్రామ్ పాజిటివ్, గులాబీగా కనిపించే గ్రామ్ నెగెటివ్ అని విడదీసేవి) వేసి మైక్రోస్కోపులో పెడితే, మొద్దు చివరలతో లావుపాటి ఊదా కడ్డీలు తప్ప ఇంకేమీ లేనట్టు కిక్కిరిసి ఉన్నాయి. రంగు వేయని ఇంకో పలక మీద పెద్ద పెద్ద కాక్సిడియా గుడ్లు కనిపించాయి. ఆ సైజుని, అవి పేగు మధ్యభాగంలో ఉండటాన్ని బట్టి ఐమీరియా మాక్సిమా అనుకున్నాను.

జబ్బు నెక్రోటిక్ ఎంటరైటిస్, అంటే పేగు లోపలి పొర చచ్చిపోయే వాపు. కారకం క్లోస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా. తర్వాత ల్యాబ్ కల్చర్ కూడా దాన్నే చూపించింది.

ఇక్కడ రైతు ఊహని పక్కన పెట్టాల్సి వచ్చింది. కొలిస్టిన్ పనిచేసేది ఈ-కోలై, సాల్మొనెల్లా లాంటి గ్రామ్ నెగెటివ్ జీవుల మీద. క్లోస్ట్రిడియం గ్రామ్ పాజిటివ్, దాన్ని కొలిస్టిన్ ఏమీ చేయదు. అది ఆపాక కొంతకాలం కోళ్లు బాగానే ఉండటానికి కారణం అదే. క్లోస్ట్రిడియాన్ని ఇన్నాళ్లూ అదుపులో పెట్టినవి మిగతా రెండు మందులు. బి.ఎం.డి. నేరుగా దాని మీదే పనిచేస్తుంది. సాలినోమైసిన్ కాక్సిడియాతోపాటు గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియాని కూడా అణచివేస్తుంది. డైక్లాజురిల్‌కి ఆ రెండో గుణం లేదు. పైగా విరామం లేకుండా వాడితే కాక్సిడియా దానికి త్వరగా అలవాటుపడుతుంది. అంటే రెండు కాపలాలు ఒకేసారి ఎత్తేసినట్టయింది.

వాటికి చేపల పొడి తోడైంది. క్లోస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ చాలా అమైనో ఆమ్లాలని సొంతంగా తయారుచేసుకోలేదు, బయట్నుంచి అందాలి. అందితే మాత్రం అనుకూల పరిస్థితుల్లో పది నిమిషాల్లోపే రెండింతలవుతుంది. జీర్ణం కాని చేప ప్రోటీన్ ఒకవైపు, కాక్సిడియా చీల్చిన గోడలోంచి కారే రక్తరసం, జిగురు ఇంకోవైపు దానికి భోజనం పెడుతున్నాయి. మార్కెట్లో దొరికే ఎండు చేపల్లో ఉప్పు ఎక్కువ. కోళ్లు నీళ్లు ఎక్కువ తాగి ఊక తడిపేశాయి. తడి ఊకలో కాక్సిడియా గుడ్లు పండి మళ్లీ కోడి నోట్లోకి వెళ్తున్నాయి.

మొదటి నిర్ణయం

ఆ రోజు నేను మొక్కల మందు రాయలేదు. అమాక్సిసిలిన్ రాశాను. కాక్సిడియాకి డైక్లాజురిల్ కుటుంబానికి చెందని మందు ఇచ్చాను, ఒకదానికి అలవాటుపడ్డ కాక్సిడియా అదే కుటుంబంలో ఇంకోదానికి కూడా లొంగకపోవచ్చు కాబట్టి. పేగు గోడ అప్పటికే చచ్చిపోతున్న కోడికి, దాణా తినడం మానేసిన కోడికి, వాము నూనెతో వైద్యం చేస్తానంటే అది ఆ ప్రాణి బాధని పొడిగించడమే. మొక్కల మందులకి ఒక చోటుంది, అది జబ్బు రాకముందు. రైతు ఒప్పుకున్నాడు. మందు అవశేషాలు పోయే గడువు పాటించి, ఆ బ్యాచ్‌ని మామూలు మార్కెట్‌కే పంపాడు, హైదరాబాద్ కొనుగోలుదారుకి ఇవ్వలేదు.

పనిచేయనివి

కషాయం ఎందుకు పనిచేయలేదో ముందు రైతుకి వివరించాను, ఎందుకంటే ఆ నమ్మకం వదలకపోతే తర్వాతిది వినిపించదు. వాములో పనిచేసే ముఖ్య పదార్థం థైమాల్. మనం తలనొప్పి మందుల్లో వాడే వాము పువ్వు అదే. నీళ్లలో అది లీటరుకి ఒక గ్రాము కూడా సరిగ్గా కరగదు. మూత లేని గిన్నెలో మరగబెడితే ఆవిరితోపాటు ఎగిరిపోతుంది. వంటిల్లంతా ఘాటు వాసన వచ్చిందంటే సరుకు గిన్నెలోంచి పోయినట్టే. వెల్లుల్లి సంగతి ఇంకోలా ఉంటుంది. దాన్ని నలగ్గొట్టినప్పుడు అందులోని ఒక ఎంజైము అల్లిసిన్‌ని పుట్టిస్తుంది. పాయల్ని అలాగే మరిగే నీళ్లలో వేస్తే ఆ ఎంజైము ముందే చచ్చిపోతుంది. ట్యాంకులోకి వెళ్లింది దాదాపు రుచి నీళ్లే.

తర్వాతి బ్యాచ్‌కి రైతు డీలర్ దగ్గర థైమాల్, దానిలాంటిదే అయిన కార్వాక్రాల్ కలిసిన ద్రవ మందు కొన్నాడు. నీళ్లలో కలిపేది. చేపల పొడి మాత్రం నా మాట మీద తీసేశాడు. ఈసారి చావులు తగ్గాయి గానీ, సరిగ్గా అదే వయసులో మళ్లీ మొదలయ్యాయి. కోసి చూస్తే పేగు మధ్యభాగంలో అవే పుండ్లు, తీవ్రత కాస్త తక్కువ. ఆ తగ్గుదల చేపల పొడి తీసేయడం వల్ల వచ్చిందా, నూనె వల్లా అన్నది తేల్చే దారి లేదు. రెండు షెడ్లకీ రెండూ ఒకేలా చేశాం.

నాకు ఎక్కువ విషయం చెప్పింది పేగు పైభాగం. కందనకాయ దాటగానే ఉండే మొదటి మలుపు శుభ్రంగా ఉంది, జబ్బంతా దానికింద. దీన్ని అర్థం చేసుకోవడానికి పందిపిల్లల మీద జరిగిన పరిశోధనలు పనికొస్తాయి. పూత లేని థైమాల్, కార్వాక్రాల్ దాదాపు మొత్తం పొట్టలోనూ చిన్నపేగు మొదట్లోనూ రక్తంలోకి వెళ్లిపోతాయి. అక్కడి నుంచి కాలేయం వాటిని సల్ఫేటుతో, గ్లూకురోనిక్ ఆమ్లంతో జతచేసి బయటికి పంపేస్తుంది. కోడిలోనూ అదే జరుగుతున్నట్టయితే క్లోస్ట్రిడియం ఉన్న చోటికి మందు చేరడం లేదు. మోతాదు పెంచితే చేరుతుందేమోనని రైతు రెట్టింపు చేశాడు. కోళ్లు నీళ్లు తాగడం తగ్గించాయి. నీళ్లు తగ్గితే మేత తగ్గుతుంది, మేత తగ్గితే బరువు తగ్గుతుంది.

ల్యాబ్‌లో చూసింది

మూడో బ్యాచ్ వేసే ముందు ఒక ప్రశ్న తేల్చుకోవాలనిపించింది. మందు సరైన చోటికి చేర్చగలిగినా, అక్కడ క్లోస్ట్రిడియంతోపాటు లాక్టోబాసిల్లస్‌ని కూడా తుడిచేస్తే లాభమేమిటి? బ్రాయిలర్ చిన్నపేగులో ఎక్కువగా ఉండే మంచి జీవి లాక్టోబాసిల్లసే. అది లాక్టిక్ ఆమ్లం తయారుచేసి పరిసరాల్ని పుల్లగా ఉంచుతుంది, చోటు ఆక్రమించి మిగతావాటికి అవకాశం తగ్గిస్తుంది.

ఒక మైక్రోబయాలజిస్టు మిత్రుడి సాయంతో ఈ ఫారం కోళ్ల నుంచే రెండింటినీ వేరుచేశాం. క్లోస్ట్రిడియాన్ని గుర్తుపట్టడం తేలిక: రక్తం కలిపిన ఆగార్ (బ్యాక్టీరియాని పెంచే జిగురు పదార్థం) మీద కాలనీ చుట్టూ రెండు వలయాలు, లోపలిది స్పష్టంగా, బయటిది మసకగా. పాలలో పెంచితే పాలు విరిగి, గాలి పుట్టి, ఆ గడ్డని చీల్చుకుంటూ పైకి తంతుంది. లాక్టోబాసిల్లస్‌ని దానికి అనువైన ఎం.ఆర్.ఎస్. ఆగార్ మీద పెంచాం. రెండింటినీ థైమాల్, కార్వాక్రాల్ మిశ్రమం అంచెలంచెలుగా పెరిగే గొట్టాల్లో వేశాం. పలుచని గొట్టాల్లోనే క్లోస్ట్రిడియం పెరగడం ఆగిపోయింది. లాక్టోబాసిల్లస్ అంతకంటే చిక్కని గొట్టాల్లోనూ మసకమసకగా పెరుగుతూనే ఉంది. బాగా చిక్కగా ఉన్న చోట మాత్రం అదీ ఆగింది.

ఈ తేడా ఎందుకు? థైమాల్ కొవ్వులో కలిసే పదార్థం కాబట్టి బ్యాక్టీరియా పొరలోకి దూరుతుంది. పొర వదులవుతుంది, బయటి ప్రోటాన్లు లోపలికి చొరబడతాయి, లోపలి పొటాషియం, కణానికి శక్తినిచ్చే ఏ.టి.పి. బయటికి కారతాయి. లాక్టోబాసిల్లస్ తాను తయారుచేసే ఆమ్లంలోనే బతికే జీవి. లోపలికి వచ్చే ప్రోటాన్లని బయటికి తోసే ఏర్పాటు దానికి బలంగా ఉండటం దీనికి ఒక కారణమని భావిస్తున్నారు. కారణం ఏదైనా, నేను అందులోంచి పట్టుకున్నది ఒక్కటే. ఈ నూనెలు మంచి చెడూ చూసి వదిలిపెట్టవు. రెండింటి తట్టుకునే శక్తికీ మధ్య కొంత ఎడం ఉంది, మనం ఆ ఎడంలో పనిచేయాలి. దాని కింద పనే జరగదు, పైకి పోతే మంచివీ పోతాయి.

గొట్టంలో వచ్చిన మోతాదుని దాణాకి నేరుగా వర్తింపజేయకూడదు. పేగులో కొవ్వు, ప్రోటీన్ ఉంటాయి, నూనె వాటికి అంటుకుని కొంత పనికిరాకుండా పోతుంది. అందుకే ఇక్కడ అంకెలు ఇవ్వడం లేదు. టన్నుకి ఎంత కలపాలన్నది తయారీని బట్టి మారుతుంది, డబ్బా మీద రాసింది దాటకపోవడమే మంచిది.

పనిచేసింది

మూడో బ్యాచ్‌కి మొదట పునాది సరిచేశాం. చేపల పొడి పూర్తిగా బంద్. సోయా నాణ్యత చూసి కొనడం. నీటి గొట్టాల ఎత్తు కోడి వీపుతోపాటు పెంచుతూ పోవడం, తడి ఊక రోజూ ఎత్తేయడం. డైక్లాజురిల్ బదులు మళ్లీ సాలినోమైసిన్, టన్నుకి 60 గ్రాములు.

ఈ చివరి నిర్ణయం దగ్గర చాలాసేపు ఆగాం. కొనుగోలుదారు ఒప్పుకుంటాడా? రైతునే మాట్లాడమన్నాను. కొనుగోలుదారు అసలు షరతు మనుషులకి వాడే మందులు ఉండకూడదని. సాలినోమైసిన్ మనుషుల వైద్యంలో వాడరు. యూరప్ 2006 జనవరి 1 నుంచి పెరుగుదల కోసం వాడే యాంటీబయాటిక్స్‌ని దాణాలోంచి తీసేసినా, ఈ జాతి మందుల్ని కాక్సిడియాకి ఉంచుకుంది. అమెరికాలో కొన్ని లేబుళ్ల కింద మాత్రం ఇవీ కుదరవు. ఈ సంగతంతా కొనుగోలుదారుకి చెప్పి, దాచకుండా రాసి ఇచ్చాకే మొదలుపెట్టాం. ఆయన ఒప్పుకోకపోయి ఉంటే కాక్సిడియా టీకా వైపు వెళ్లేవాళ్లం.

ఇక నూనె. ఈసారి కొవ్వు పూత వేసిన పొడి ఎంచుకున్నాను: థైమాల్, కార్వాక్రాల్, దాల్చినచెక్కలో ఉండే సినమాల్డిహైడ్. చిన్నపేగులో లైపేజ్ ఆ కొవ్వుని అరిగించేకొద్దీ లోపలి నూనె కొంచెం కొంచెంగా విడుదలవుతుంది, అంటే జబ్బు ఉండే చోట. రైతుది మెష్ దాణా కావడం కలిసొచ్చింది. పెల్లెట్ మిల్లు వేడికి కొన్ని తయారీలు నష్టపోతాయి.

పునాది మార్పులు రెండు షెడ్లకీ చేశాం. పూత నూనె ఒక్క షెడ్డుకే వేశాం. రైతుకి ఇది మొదట నచ్చలేదు. "రెండింటికీ ఏస్తే ఏమైతది సార్, మంచిదే గదా" అన్నాడు. గడిచిన బ్యాచ్‌లో దేనివల్ల తగ్గిందో తెలియక డబ్బు పోయిన సంగతి గుర్తుచేశాను. ఒప్పుకున్నాడు.

రెండు షెడ్లలోనూ జబ్బు బయటపడలేదు. ఇది ముఖ్యం, ఎందుకంటే నూనె వేయని షెడ్డు కూడా నిలబడింది. ప్రమాదం దాటించింది పునాది మార్పులే. నూనె తెచ్చిన లాభం దాని మీద కనిపించింది. మూడు వారాలు దాటాక రెండు షెడ్ల నుంచీ కొన్ని కోళ్లని కోసి చూస్తే, నూనె లేని షెడ్డులో కొన్నింటి పేగు గోడ పల్చబడి, అక్కడక్కడా చిన్న చిన్న పుండ్లు మొదలై ఉన్నాయి. బయటికి ఏ లక్షణమూ లేదు. రైతుకి కనిపించకుండా దాణా మింగేసే దశ ఇదే. నూనె వేసిన షెడ్డులో అలాంటివి అరుదు. ఊక పొడిగా ఉంది, కిలో బరువుకి పట్టిన దాణా తక్కువ. గీకి చూసిన పలకల మీద లావుపాటి కడ్డీలు పలచబడ్డాయి, సన్నని పొడవాటి లాక్టోబాసిల్లస్ కడ్డీలు మామూలుగానే ఉన్నాయి. కల్చర్‌లోనూ లాక్టోబాసిల్లస్ లెక్క పడిపోలేదు.

షెడ్డు తేడా వల్ల ఇలా వచ్చిందేమోనన్న అనుమానం మిగలకూడదని, తర్వాతి బ్యాచ్‌లో నూనెని రెండో షెడ్డుకి మార్చాం. లాభం నూనెతోపాటే మారింది.

ఆ తర్వాత బ్యాచ్‌లో రైతు తనంతట తానే పొడిని రెండింతలు చేశాడు. కోళ్లు మేత దగ్గర తటపటాయించాయి, బరువు వెనకబడింది. గీకి చూస్తే ఈసారి సన్నని కడ్డీలు కూడా పలచబడ్డాయి. గొట్టంలో చూసిన ఆ ఎడం పైఅంచు కోడి పేగులో కనిపించినట్టే అనుకున్నాను. మోతాదు మళ్లీ డబ్బా మీద ఉన్నదానికి తెచ్చాం, తర్వాతి బ్యాచ్ సర్దుకుంది.

ఈ కేసు నుంచి నేను పట్టుకున్నవి

మొక్కల మందు పనిచేయలేదని ఏ రైతు చెప్పినా నేనిప్పుడు ముందు అడిగేది మూడు సంగతులు. ఏ రూపంలో ఇచ్చావు, పేగులో ఎక్కడ విడుదలవుతుంది, ఏ జీవి మీదకి ఇచ్చావు. పేరు ఒకటే అయినా కషాయం, ద్రవ నూనె, పూత నూనె ఈ ఫారంలో మూడు వేరు వేరు మందుల్లా నడిచాయి.

యాంటీబయాటిక్ తీసేటప్పుడు అది నిజంగా దేన్ని ఆపుతోందో తెలుసుకోకుండా తీస్తే, సమస్య వచ్చినప్పుడు నింద వేరే చోట పడుతుంది. ఇక్కడ నింద మోసింది కొలిస్టిన్ నిషేధం. అది తప్పు నింద, పైగా ప్రమాదకరమైనది. ఆ నమ్మకంతో దొంగచాటుగా కొలిస్టిన్ తెచ్చి వేసే రైతు కోళ్లనీ కాపాడుకోలేడు, మనుషులకి మిగిలిన మందునీ పాడుచేస్తాడు.

ఇప్పుడు ఆ ఫారంలో పూత నూనె ఏడాదంతా వాడరు. దాని ఖర్చు దాణా మీద తెలిసేంతగా ఉంటుంది. వానాకాలం బ్యాచ్‌లకి, అదీ రెండో వారం మధ్య నుంచి నాలుగో వారం చివరి దాకా వేస్తారు, క్లోస్ట్రిడియం తలెత్తేది అప్పుడే కాబట్టి. కాక్సిడియా మందుని కొన్ని బ్యాచ్‌లకోసారి మారుస్తారు.

మొన్న చలికాలంలో కోళ్లకి ఈ-కోలై వచ్చి రొప్పుతుంటే, పూత నూనె పెంచమంటారా అని రైతు అడిగాడు. కోసి చూస్తే జబ్బు గాలి సంచుల్లో, గుండె చుట్టూ ఉంది. పేగులో విడుదలయ్యే నూనెకి అక్కడ పనిలేదు. చలి అని పరదాలు రాత్రీపగలూ మూసేయడంతో షెడ్డులో అమ్మోనియా కళ్లు మండేంతగా ఉంది. పగటిపూట పరదాలు తెరిపించి, ఊక మార్పించి, నీటి గొట్టాలు కడిగించి, ఏ మందు పనిచేస్తుందో తేల్చడానికి నమూనా ల్యాబ్‌కి పంపాను.